అల్ బిరూనీ కొలిచిన 34 కళలు: అదే లెక్క మన తీరం నుంచి

కొండ మీద నిలబడి, దిగంతం కంటి మట్టానికి ఎంత కిందికి వాలిందో చూసి, ఆ ఒక్క కోణంతో భూమి వ్యాసార్ధం చెప్పినవాడు అబూ రైహాన్ అల్ బిరూనీ. వెయ్యేళ్ళ కిందటి మాట. ఆయన జవాబు నేటి విలువకు ఒక శాతం తేడాలోనే ఉందని చాలాచోట్ల రాస్తుంటారు. అంకెలు విప్పి చూడకుండా ఆ మాట అనేయకూడదు. విప్పి చూస్తే ఆ పద్ధతి ఎంత సున్నితమైనదో, ఎక్కడెక్కడ కొలత చెయ్యి జారుతుందో తెలుస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళం ఆ కొలతని ఆయనకంటే మంచి చోటి నుంచే చేసి చూడొచ్చు కూడా. మనకి తూర్పు పొడవునా సముద్రం ఉంది, ఆయనకి అది దొరకలేదు.

ముందు ఒక కొలమానం. డిగ్రీలో అరవయ్యో వంతుని మన పంచాంగకర్తలు కళ అంటారు. గడియారం నిమిషంతో కలిసిపోకుండా ఇక్కడంతా కళ అనే రాస్తాను.

బిరూనీ 973 సెప్టెంబరులో ఖ్వారజ్మ్ దేశంలోని కాథ్ పట్నం దగ్గర పుట్టాడు. ఇప్పుడది ఉజ్బెకిస్థాన్‌లో ఉంది. ఆ ఊరిని నేడు ఆయన పేరుతోనే పిలుస్తారు. గురువు అబూ నస్ర్ మన్సూర్ రాజకుటుంబీకుడు, త్రికోణమితిలో ఉద్దండుడు. 997 మే 24న చంద్రగ్రహణం పట్టినప్పుడు కాథ్‌లో బిరూనీ, బాగ్దాద్‌లో గణితవేత్త అబుల్ వఫా ముందే అనుకుని ఇద్దరూ స్థానిక సమయాలు రాసుకున్నారు. గ్రహణం అందరికీ ఒకే క్షణంలో జరుగుతుంది కాబట్టి రెండు ఊళ్ళ సమయాల తేడాయే రేఖాంశాల తేడా. పద్ధతి చక్కనిదే కానీ చంద్రుడి మీద భూమి నీడ అంచు మసకగా ఉంటుంది. ఒక నిమిషం అటూ ఇటూ అయితే రేఖాంశం 15 కళలు తప్పుతుంది. నెల్లూరు అక్షాంశంలో అది 27 కిలోమీటర్లు. ఆ రోజుల్లో రేఖాంశం అంత కష్టమైన కొలత.

1017లో గజనీ మహమ్మద్ ఖ్వారజ్మ్‌ని గెలిచి, అక్కడి పండితులతో పాటు బిరూనీని కూడా గజనీకి పట్టుకుపోయాడు. ఆ రాజు దండయాత్రల వెంటే ఆయన పంజాబు వైపు వచ్చాడు, సంస్కృతం నేర్చాడు, బ్రహ్మగుప్తుడి గణితాన్ని చదివాడు. 1030 ప్రాంతంలో హిందూదేశం గురించి రాసిన పెద్ద గ్రంథంలో తిథులు, అధికమాసాలు, అహర్గణం (గడిచిన రోజుల సంఖ్య) లెక్కించే విధానం అన్నీ వివరించాడు. మహమ్మద్ దాడుల వల్లే ఇక్కడి శాస్త్రాలు ఆ ప్రాంతాలు వదిలి దూరంగా తరలిపోయాయని అదే గ్రంథంలో నిర్మొహమాటంగా రాశాడు. తను తిన్నది ఆ ఆస్థానం ఉప్పే అయినా రాశాడు. అందుకే ఆయన రాసిన అంకెల్ని కూడా నేను గౌరవంగా చూస్తాను.

ఇక భూమి కొలత. ఆయనకి రెండు వందల ఏళ్ళ ముందు ఖలీఫా అల్ మామూన్ తన జ్యోతిష్కుల్ని ఇప్పటి ఇరాక్‌లోని సింజార్ మైదానానికి పంపాడు. వాళ్ళు ధ్రువం ఎత్తు సరిగ్గా ఒక డిగ్రీ మారేవరకూ ఉత్తరానికీ దక్షిణానికీ నడుస్తూ, నడిచిన దూరాన్ని తాళ్ళతో కొలిచారు. డిగ్రీకి 56 చిల్లర మైళ్ళు వచ్చింది. అప్పటి మైలంటే 4,000 మూరలు. ఈ పనికి మనుషులు కావాలి, డబ్బు కావాలి, వంద కిలోమీటర్లకి పైగా చదునైన నేల కావాలి. బిరూనీ ఇప్పటి ఇరాన్‌లోని గుర్గాన్‌కి ఉత్తరాన ఉన్న మైదానంలో ఇదే చేయబోయి, చేయూత దొరక్క మానుకున్నాడు. తరవాత జీలం నది దగ్గర, నందన కోట ఉన్న ఉప్పుకొండల్లో, ముందంతా సముద్రంలా చదునుగా పరుచుకున్న మైదానం మీదికి లేచిన కొండ ఒకటి కనపడింది. అక్కడ నడక అక్కర్లేదు. రెండు కొలతలు చాలు: కొండ ఎత్తు, దిగంతం వాలు.

కొండ ఎత్తుకి మైదానంలో కొండకేసి ఒకే వరసలో ఉన్న రెండు చోట్లు ఎంచుకుని, రెండింటి నుంచీ శిఖరం కోణం చూడాలి. ఆ చోట్ల మధ్య దూరం కొలవాలి. దూరాన్ని రెండు కోణాల కోటాంజెంట్ల తేడాతో భాగిస్తే ఎత్తు వచ్చేస్తుంది. శిఖరం కింద కొండ గర్భంలోకి వెళ్ళి దూరం కొలవాల్సిన పని లేదు. ఇందులో తప్పు ఎక్కడ దూరుతుందంటే, రెండు చోట్లూ మరీ దగ్గరైతే. 320 మీటర్ల కొండని 600 మీటర్ల నుంచీ 900 మీటర్ల నుంచీ చూశారనుకోండి. దూరపు కోణంలో 5 కళలు తప్పితే ఎత్తు 4 మీటర్ల చిల్లర మారుతుంది, ఒకటిన్నర శాతం లోపే. అదే 600, 650 మీటర్ల నుంచి చూస్తే అదే 5 కళల తప్పుకి 15 మీటర్లు మారుతుంది, అంటే నాలుగున్నర శాతం పైన. కాబట్టి నేల అనుమతించినంత వరకూ రెండో చోటు దూరంగా ఉండాలి. రెండు చోట్లూ ఒకే మట్టంలో ఉండటం కూడా ముఖ్యమే. ఒకటి అర మీటరు పల్లంలో ఉన్నా ఆ తేడా కొన్ని రెట్లై ఎత్తులోకి వచ్చి చేరుతుంది.

బిరూనీకి వచ్చిన ఎత్తు 652 మూరలు, పైన మూడు అరవయ్యో వంతులు, ఆ పైన అరవయ్యో వంతులో అరవయ్యో వంతులు పద్దెనిమిది. దశాంశాల్లో 652.055. మూర 49.3 సెంటీమీటర్లనుకుంటే 321 మీటర్ల చిల్లర. పైకెక్కి దిగంతం చూస్తే వాలు 34 కళలు. సూత్రం ఒక్క ముక్క: ఎత్తుని ఆ కోణం కొసైన్‌తో గుణించి, ఒకటిలోంచి కొసైన్ తీసేసిన దానితో భాగించాలి. ఆయనకి వచ్చింది 1,28,03,337 మూరలు.

ఇక్కడ కాసేపు ఆగాలి. నేటి కాలిక్యులేటర్‌లో ఇవే అంకెలు వేస్తే ఆ జవాబు రాదు, దాదాపు 1,33,31,700 వస్తుంది. నాలుగు శాతం తేడా. ఎందుకంటే 34 కళల కొసైన్ ఒకటికి ఎంత దగ్గరగా ఉంటుందంటే, తేడా అరవై భాగాల పద్ధతిలో మూడో స్థానంలో, అంటే 2,16,000వ వంతుల దగ్గర గానీ కనపడదు. ఆ స్థానంలో అసలు విలువ 10.56. బిరూనీ జవాబు నుంచి వెనక్కి లెక్క కడితే ఆయన వాడింది సరిగ్గా 11 అని తేలుతుంది. 652.055ని 2,16,000 బై 11లోంచి ఒకటి తీసేసిన దానితో గుణించి చూడండి, ఆయన అంకె చివరి మూర వరకూ దిగుతుంది. మూడో స్థానంలో అర కంటే తక్కువ తేడా భూమిని రెండున్నర లక్షల మీటర్లు కుదించింది. దాదాపు ఒకేలా ఉన్న రెండు సంఖ్యల్ని తీసివేసినప్పుడు వచ్చే చిక్కు ఇదే. దీన్ని తప్పించుకోవడం ఇప్పుడు సులువు: కోణాన్ని రేడియన్లలోకి మార్చి, ఎత్తుకి రెట్టింపుని ఆ కోణం వర్గంతో భాగించండి. చిన్న కోణాలకి ఇది చాలు, తీసివేత అన్నదే ఉండదు.

మూరని 49.3 సెంటీమీటర్లుగా తీసుకుంటే ఆయన జవాబు సుమారు 6,310 కిలోమీటర్లు. నిజం విలువ 6,371. అవే కొలతల్ని సరిగ్గా గుణిస్తే 6,570 పైన. ఆ ఒక్క శాతం అన్నది ఈ గుండ్రం చేయడం వల్లా, మనం ఎంచుకున్న మూర పొడవు వల్లా వచ్చింది.

అంతకంటే పెద్ద సంగతి గాలి. నేల దగ్గర గాలి చిక్కగా, పైన పలచగా ఉంటుంది కాబట్టి దిగంతం నుంచి వచ్చే కాంతి కిందికి వంగి వస్తుంది. అందుకని దిగంతం ఉండాల్సిన దానికంటే కాస్త పైకి లేచి కనపడుతుంది. 321 మీటర్ల నుంచి రేఖాగణితం ప్రకారం వాలు 34.5 కళలు. నావికుల పట్టికలు గాలి వంపుని కలుపుకుని చెప్పేది 31.6 కళలు. ఆ 31.6తో లెక్క వేస్తే భూమి 7,600 కిలోమీటర్లకి ఉబ్బిపోతుంది. బిరూనీ 34 చూశాడంటే ఆ రోజు గాలి పొరలు వేరుగా ఉండి ఉండాలి, లేదా పరికరం రెండు కళలు ఎక్కువ చూపి ఉండాలి. మామూలు కంటికి ఒక కళ కంటే సన్నగా కనపడదు. ఆ ఎత్తులో ఒక్క కళ తప్పితే వ్యాసార్ధం ఆరు శాతం మారుతుంది. ఆయనకి ఈ పెళుసుదనం తెలుసు. అందుకే తన డిగ్రీకి 55.9 మైళ్ళు వచ్చినా, మామూన్ మనుషుల పరికరాలు మెరుగైనవనీ, వాళ్ళు ఎక్కువ శ్రమపడ్డారనీ చెప్పి వాళ్ళ అంకెనే వాడుకున్నాడు. తన కొలతని వాళ్ళ కొలతకి సాక్ష్యంగా నిలబెట్టాడు. ఆయన పుస్తకాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం ఇది.

మన దగ్గరికి వద్దాం. ఉదయగిరి దుర్గం 3,079 అడుగులు. అంత ఎత్తు నుంచి దిగంతం 109 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కావలి వైపు తీరం 80 కిలోమీటర్ల పైన. కాగితం మీద సముద్రపు గీత కనపడాలి, కానీ అంత దూరాన తీరం గాలిలోని తేమా దుమ్మూ ఆ గీతని మింగేస్తాయి. వెలిగొండల మీద ఎక్కడైనా ఇదే ఇబ్బంది. ఎత్తు తక్కువైనా సముద్రం ఒడ్డే మేలు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల తీరానికి దగ్గరలో సముద్రం అడ్డు లేకుండా కనపడే లైట్‌హౌస్ గానీ ఎత్తైన మేడ గానీ ఉంటే, అనుమతి తీసుకుని ఎక్కండి. కంటి ఎత్తు నీటి మీద 30 మీటర్లు అనుకుందాం. ఈ ఎత్తు మేడ ఎత్తు కాదని గుర్తుంచుకోండి. స్టీలు టేపు పైనుంచి వేలాడదీసి, అక్కడి నేల ఆ పూట నీటి మట్టానికి ఎంత పైన ఉందో విడిగా కొలిచి కలపాలి. ఆటుపోట్ల వల్ల ఒక్క మీటరు తేడా వచ్చినా 30 మీటర్లలో అది మూడు శాతం.

వాలు కొలవడానికి సర్వేవాళ్ళు కోణాలు చూసే థియోడొలైట్ దొరక్కపోతే మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ళ ట్యూబు చాలు. పారదర్శకమైన ట్యూబులో నీళ్ళు పోసి, రెండు కొసలూ 5 మీటర్ల ఎడంలో సముద్రానికి ఎదురుగా నిలబెట్టండి. వెనక కొస దగ్గర నీటి మట్టంలో ఒక సన్నని బెజ్జం, ముందు కొస దగ్గర కిందికీ పైకీ జరిగే అట్ట. బెజ్జంలోంచి చూస్తూ అట్ట పై అంచు దిగంతం గీతకి తాకేదాకా దించి, అది నీటి మట్టానికి ఎంత కింద ఉందో కొలవండి. 30 మీటర్ల ఎత్తులో సుమారు 14 మిల్లీమీటర్లు రావాలి. ఒక మిల్లీమీటరు తప్పితే జవాబు 14 శాతం కదులుతుంది, కాబట్టి రెండు కొసలూ మార్చి మళ్ళీ మళ్ళీ తీసి సగటు కట్టాలి.

ట్యూబులో బుడగ ఒక్కటి ఉన్నా మట్టం అబద్ధం. అంతకంటే తెలివిగా మోసం చేసేది ఎండ. ఒక కొస నీడలో, ఇంకోటి ఎండలో ఉండి పది డిగ్రీల సెల్సియస్ తేడా వస్తే, మీటరు నీటి నిలువుకి మూడున్నర మిల్లీమీటర్లు మట్టం తప్పుతుంది. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకి నిలబడతాయి మరి. ట్యూబు మధ్య భాగాన్ని కిందికి వేలాడనివ్వకుండా రెండు నిలువులూ జానెడు మించకుండా చూసుకుంటే ఈ బెడద చాలావరకూ తగ్గుతుంది. పొద్దున్నే చేస్తే ఇంకా మంచిది.

పరికరం లేదని బిరూనీ ఎప్పుడూ ఆగలేదు. 1018 అక్టోబరులో కాబూల్ దగ్గర జైఫూర్ అనే పల్లెలో చేతిలో ఏమీ లేనప్పుడు, లెక్కలు వేసుకునే బల్ల వెనక వైపు వృత్తపాదం గీసి, భాగాలు పెట్టి, గుండు దారం కట్టి సూర్యుడి ఎత్తు తీసుకున్నాడు. మార్కాపురం పలకల జిల్లా వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు, పెద్ద పలక మీద అదే చేయొచ్చు. కాకపోతే 20 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో డిగ్రీకి మూడున్నర మిల్లీమీటర్లే వస్తుంది. ప్లైవుడ్ చెక్క మీద 57.3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గీస్తే డిగ్రీ సరిగ్గా ఒక సెంటీమీటరు, అప్పుడు మామూలు స్కేలే సరిపోతుంది. సముద్రపు గాలికి గుండు ఊగుతుంటే దాన్ని నీళ్ళ బొక్కెనలో మునిగేలా వేలాడదీయండి. రాత్రి ధ్రువ నక్షత్రం చూస్తే నెల్లూరులో పద్నాలుగున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. అది ధ్రువానికి 40 కళల వరకూ పక్కకి ఉండొచ్చు కాబట్టి ఒక్కసారి చూసి అక్షాంశం చెప్పేయకూడదు. బిరూనీ కాలంలో అదే నక్షత్రం ధ్రువానికి దాదాపు 6 డిగ్రీల దూరంలో ఉండేది. అయినా ఆయన గజనీకి ఇచ్చిన అక్షాంశం 33 డిగ్రీల 35 కళలు, నేటి విలువకి రెండు కళల తేడా.

తూర్పు తీరంలో ఉన్నవాళ్ళకి ఇంకో కొలత కూడా దొరుకుతుంది, నందనలో బిరూనీకి ఆ వీలు లేదు. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పైనున్న మనిషికి ముందు కనపడతాడు, ఒడ్డున ఉన్నవాడికి తరవాత. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మొదటి మెరుపు కనపడ్డ క్షణాన్ని ఒకే స్టాప్‌వాచ్‌లో పట్టుకోవాలి. కళ్ళు 30 మీటర్ల దగ్గరా, ఒకటిన్నర మీటర్ల దగ్గరా ఉంటే మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమైన రోజులకి దగ్గరలో 37 సెకన్ల తేడా రావాలి. ఆ సెకన్లని 0.0000704తో గుణిస్తే నెల్లూరు అక్షాంశంలో రేడియన్లలో కోణం వస్తుంది. రెండు ఎత్తుల వర్గమూలాల తేడాని వర్గం చేసి, రెట్టింపు చేసి, ఆ కోణం వర్గంతో భాగిస్తే వ్యాసార్ధం. జూన్, డిసెంబరు చివర్లలో సూర్యుడు ఏటవాలుగా లేస్తాడు కాబట్టి కోణాన్ని 0.91తో మళ్ళీ గుణించాలి. ఒక సెకను తప్పితే ఐదు శాతం పైచిలుకు మారుతుంది. అంటే 30 మీటర్ల మేడా ఒక గడియారమూ కలిసి, 321 మీటర్ల కొండ మీద ఒక కళ వరకూ చూడగలిగిన పరికరానికి సాటి వస్తున్నాయి.

ఇందులో అసలైన లాభం వేరే ఉంది. గాలి వంపు ఈ రెండు కొలతల్నీ ఎదురెదురు దిక్కులకి లాగుతుంది. దిగంతం వాలు చూస్తే భూమి పెద్దదిగా వస్తుంది: నావికుల పట్టికలోని వంపుకి 7,650 కిలోమీటర్ల దగ్గర. సూర్యోదయం తేడా చూస్తే చిన్నదిగా వస్తుంది: 5,320 దగ్గర. కారణం ఇది. ఒకే కాంతి కిరణం నీటిని తాకుతూ వచ్చి పైనున్న కంటికి చేరుతుంది. ఆ వంపు వల్ల దిగంతం దూరం పెరుగుతుంది, వాలు మాత్రం తగ్గుతుంది. సూర్యోదయం సమయం ఆ దూరాన్ని అనుసరిస్తుంది, అట్ట అంచు వాలుని అనుసరిస్తుంది. పెరిగిన నిష్పత్తీ తగ్గిన నిష్పత్తీ ఒకటే కాబట్టి రెండు జవాబుల్నీ గుణించి వర్గమూలం తీస్తే గాలి కొట్టుకుపోతుంది. 7,650నీ 5,320నీ గుణించి వర్గమూలం తీయండి, 6,380 వస్తుంది. ఒక్క షరతు, రెండు కొలతలూ ఒకే పొద్దున, వెంట వెంటనే తీసినవై ఉండాలి.

ఎప్పుడు వెళ్ళాలంటే, ఈశాన్య రుతుపవనం నడిచే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దిగంతం మీద మబ్బు ఎక్కువ, ఆశ పెట్టుకోవద్దు. సూర్యుడు గీత మీద ఒక్క చుక్కగా మెరవాలి. ముందు గీత వెంబడి వెలుగు పరుచుకుని తరవాత అంచు కనపడితే మబ్బు వెనక నుంచి వచ్చినట్టు లెక్క, ఆ పూట అంకెలు కొట్టేయండి. చలికాలపు తెల్లవారుజామున నీళ్ళు గాలికంటే వెచ్చగా ఉండి, దిగంతం దగ్గర పడవలు నీటి నుంచి విడిపోయి తేలుతున్నట్టు కనపడితే కింద మనిషి కొలత నమ్మలేం. అతన్ని నీటి అంచున కాకుండా ఇసుక దిబ్బ మీద నిలబెట్టి, ఆ ఎత్తునే లెక్కలో వేయండి. మొదటి మెరుపు దాకానే చూడాలి, బైనాక్యులర్ పట్టుకున్నవాళ్ళు అది పడీ పడగానే కళ్ళు తిప్పేయాలి.